‘స్లీప్స్ 8’ అని రాసుంటే నమ్మేయకండి: పెద్ద మోటార్‌హోమ్ కోసం ఆర్నెల్లు తిరిగాక నా అభిప్రాయం

ఏ ఫోన్ బ్యాటరీ ఎంతసేపు వస్తుందో కొలిచి మీకు చెప్పడం నా పని. అలాంటి నేను మొన్న మార్చిలో ఓ రాత్రి మూడు గంటలకి, టెక్సాస్ ఎడారి మధ్యలో, బ్యాటరీ చచ్చిపోయిన బండిలో మొబైల్ టార్చ్ పట్టుకుని నిలబడ్డాను. ఆగిపోయింది ఫోన్ కాదు, మా నాన్న సీపాప్ మెషిన్. ఆయనకి స్లీప్ ఆప్నియా ఉంది. మాస్క్ లోంచి గాలి వస్తూ ఉంటేనే నిద్రలో ఊపిరి సరిగ్గా ఆడుతుంది.

ఈసారి ఫోన్ రివ్యూ లేదు, సారీ. గత ఆరు నెలలుగా నా బుర్రంతా ఒకే గ్యాడ్జెట్ తినేసింది. దానికి ఆరు చక్రాలు ఉన్నాయి.

మేం ఉండేది డాలస్ దగ్గర. రెండేళ్ల కిందట సెకండ్ హ్యాండ్‌లో 24 అడుగుల క్లాస్ సీ మోటార్‌హోమ్ కొన్నాం. సినిమా హీరోల కారవాన్ చూసుంటారుగా, దాదాపు అలాంటిదే. కాకపోతే డ్రైవర్ ఉండడు, మనమే తోలుకోవాలి. ముందు వ్యాన్ క్యాబిన్, దాని నెత్తిన ఒక మంచం, వెనక చిన్న ఇల్లు. మేమిద్దరం, పిల్లలిద్దరు తిరిగినన్నాళ్లూ ఏ బాధా లేదు. ఫిబ్రవరిలో తెనాలి నుంచి అమ్మానాన్న వచ్చారు. ఆరుగురం అయ్యాం. ‘స్లీప్స్ 6’ అని కంపెనీయే రాసింది కదా అని ధైర్యంగా బిగ్ బెండ్ నేషనల్ పార్క్‌కి బయల్దేరాం. మా ఇంటి నుంచి ఐదు వందల మైళ్లకు పైనే.

ఎడారి అంటే వేడి అనుకుంటాం. మార్చి రాత్రిళ్లు అక్కడ చలి. మేం దిగిన క్యాంప్‌గ్రౌండ్‌లో కరెంట్ కనెక్షన్ లేదు, రాత్రిళ్లు జనరేటర్ వేయడానికి వీల్లేదు. హీటర్ గ్యాస్‌తోనే నడుస్తుంది, కానీ ఆ వేడిని తోసే ఫ్యాన్ మాత్రం బ్యాటరీ మీద. లెక్క చూడండి. మా పాత లెడ్ యాసిడ్ బ్యాటరీ 100 ఆంప్ అవర్స్. 12 వోల్ట్స్‌తో గుణిస్తే 1,200 వాట్ అవర్స్. లెడ్ యాసిడ్‌ని సగానికి మించి వాడకూడదు కాబట్టి చేతికి వచ్చేది 600. హీటర్ ఫ్యాన్ దాదాపు 100 వాట్స్, సగం సమయం తిరుగుతుంది. సీపాప్, అందులో నీళ్లు వేడి చేసే హ్యుమిడిఫయర్, ఇన్వర్టర్ తినే వాటా అన్నీ కలిపి ఓ 60 వాట్స్. రాత్రి పదికి మొదలుపెడితే మూడింటికల్లా ఖాళీ. ఇది రెండు నిమిషాల లెక్క. బయల్దేరే ముందు నేను వేయలేదు.

“ఒరేయ్, ఒక్క రాత్రికి ఏం కాదు, నువ్వు పడుకో” అన్నారు నాన్న. ఆయన మాత్రం పడుకోలేదు. తెల్లారేదాకా గోడకి దిండు ఆనించుకుని కూర్చున్నారు. డెబ్బై రెండేళ్ల మనిషి. నేను ఎదురుగా కూర్చుని, నా వల్లే కదా అనుకుంటూ.

పొద్దున్నే మా ఆవిడ తేల్చేసింది. “ఏవండీ, ఇక దీంతో కాదు. పెద్దది చూద్దాం.”

నేను ఒప్పుకోలేదు. ఇది బ్యాటరీ ప్రాబ్లమ్, బండి ప్రాబ్లమ్ కాదు, లిథియం వేస్తే అయిపోతుంది అన్నాను. గ్యాడ్జెట్ పిచ్చోళ్లం అంతే, ఏ సమస్యనైనా ఒక పార్ట్ కొనేస్తే తీరిపోతుందని మన నమ్మకం.

“సరే, బ్యాటరీ మార్చండి. మరి అత్తయ్యగారి సంగతేంటి?”

అప్పుడు తెలిసింది. అమ్మ జీవితమంతా నాలుగున్నరకే లేస్తుంది, లేవగానే కాఫీ. మా బండిలో అమ్మానాన్నలకి వెనక మూల మంచం ఇచ్చాం, పిల్లలు పైన, మేమిద్దరం డైనింగ్ టేబుల్‌ని మడిచి చేసే పక్క మీద. స్టవ్ సరిగ్గా మా తలల పక్కనే. మమ్మల్ని లేపడం ఇష్టం లేక అమ్మ మూడు రోజులూ శాలువా కప్పుకుని, చీకట్లో డ్రైవర్ సీట్లో ఆరింటిదాకా కూర్చుందట. అటు మూల మంచానికి రెండు వైపులా గోడ. నాన్న లోపలివైపు. మోకాలు ఆపరేషన్ అయిన మనిషి, రాత్రి రెండుసార్లు బాత్‌రూమ్‌కి వెళ్లాలంటే ప్రతిసారీ అమ్మని లేపాలి, పాక్కుంటూ దిగాలి. ఇవేవీ స్పెక్ షీట్‌లో ఉండవు. నేనూ చూడలేదు.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఇంత దూరం విమానం ప్రయాణాలు ఇక తగ్గించుకోమని డాక్టర్ ఆయనకి చెప్పారు. వచ్చే ఏడు ఒక్కసారి వస్తారు, ఆ తర్వాత సంగతి ఎవరికి తెలుసు. కాబట్టి నాకున్నది ఒక్క ట్రిప్ అనుకునే వెతకడం మొదలుపెట్టా.

పెద్ద బాడీ, అదే చిప్

డీలర్ దగ్గరికి వెళ్తే ఏం జరుగుతుందో మీకు చెప్పక్కర్లేదు, ఫోన్ షోరూమ్‌కి వెళ్లినట్టే. 32 అడుగుల బండి ఎక్కించారు. రెండు స్లయిడ్ అవుట్స్, అంటే బటన్ నొక్కితే గోడ బయటికి జరిగి హాలు వెడల్పవుతుంది. మూడు టీవీలు. రిక్లైనర్లు. పిల్లలకి విడిగా బంక్ బెడ్స్. ‘స్లీప్స్ 8’. మా పిల్లలు బంకుల్లోకి ఎక్కి దిగనంటే దిగనన్నారు. మా ఆవిడ కళ్లలో వెలుగు చూసి నాకు భయం వేసింది.

నేను తలుపు దగ్గర స్టిక్కర్ కోసం వెతికాను. అమెరికాలో అమ్మే ప్రతి కొత్త మోటార్‌హోమ్ మీద ఈ లేబుల్ ఉండాలని రూల్. మనుషులు, సామాను కలిపి ఎంత బరువు మించకూడదో అందులో రాసి ఉంటుంది. ఓసీసీసీ అంటారు. దాని కిందే సీట్ బెల్టులు ఎన్ని ఉన్నాయో, నీళ్ల ట్యాంక్ నిండా నింపితే ఎంత బరువో కూడా ఉంటుంది. నా దృష్టిలో మొత్తం బండి మీద అబద్ధం ఆడని కాగితం అదొక్కటే.

ఆ 32 అడుగుల బండికి అక్కడ రాసున్నది 1,150 పౌండ్లు. అక్కడే ఫోన్ తీసి లెక్కేశా. మేమిద్దరం 310, అమ్మానాన్న 310, పిల్లలు 125. మొత్తం 745. నీళ్లు గ్యాలన్‌కి 8.3 పౌండ్లు, 40 గ్యాలన్లకి 332. కలిపితే 1,077. మిగిలింది 73 పౌండ్లు, అంటే 33 కేజీలు. అందులోనే బట్టలు, దుప్పట్లు, గిన్నెలు, బియ్యం, కుర్చీలు, పిల్లల సైకిళ్లు, అమ్మ తెచ్చిన పచ్చళ్లు. ఎనిమిది మంది పడుకోవచ్చట! ఆరుగురు ఎక్కితేనే బియ్యం బస్తాకి చోటు లేదు.

ఇలా ఎందుకంటే, 24 అడుగుల నుంచి 32 అడుగుల దాకా చాలా క్లాస్ సీ బళ్ల కింద ఉండేది ఒకటే: ఫోర్డ్ ఈ-450 చాసిస్. అది మోయగలిగే మొత్తం బరువు 14,500 పౌండ్లు. పైన కట్టే ఇల్లు ఎంత పెద్దదైతే, స్లయిడ్ అవుట్స్ ఎన్ని ఎక్కువైతే, మనకి మిగిలేది అంత తక్కువ. పోయినేడాది ఫోన్‌లోని చిప్‌నే తీసుకుని పెద్ద స్క్రీన్ తగిలించి ‘అల్ట్రా’ అని అమ్మితే మనం ఎంత తిడతాం? ఇక్కడ మాత్రం అందరూ హాలు ఎంత వెడల్పుగా ఉందో చూసి సంతకం పెట్టేస్తారు. ఓవర్‌లోడ్ అయితే ఫోన్ హీట్ అవుతుంది. ఇక్కడ టైర్ పేలుతుంది.

సేల్స్‌మన్‌ని ఇది అడిగితే, “అందరూ నీళ్లు నింపకుండానే వెళ్తారు సార్” అన్నాడు. నీళ్లు లేకుండా మన ఇళ్లలో ఎవరైనా ఒక్క పూట గడుపుతారా? చేతులు కడగాలి, కాళ్లు కడగాలి, బియ్యం రెండుసార్లు కడగాలి. మా బండిలో ఎప్పుడూ ముందుగా నిండిపోయేది సింక్ నీళ్ల ట్యాంకే.

సీట్ బెల్టుల సంగతి ఇంకా ఘోరం. మంచాలు ఎనిమిది మందికి, బెల్టులు ఆరు ఉన్న బళ్లు మామూలే. ఆ ఆరులో కొన్ని పక్కకి తిరిగి ఉండే సోఫా మీద. పిల్లల కార్ సీట్ పక్కకి తిరిగిన సీటు మీద పెట్టకూడదు. చిన్నపిల్లలున్న వాళ్లు మంచాలు లెక్కపెట్టడం మానేసి ముందుకి చూసే బెల్టులు ఎన్నో లెక్కపెట్టండి.

అద్దెకి తీసుకుని చూశాం

కొనకముందు నాలుగు రోజులు 30 అడుగుల బండి అద్దెకి తీసుకుని పాలో డ్యూరో కాన్యన్‌కి వెళ్లాం. అమరిల్లో పక్కన ఉంటుంది. అద్దె డబ్బులు దండగ అని మొదట అనిపించింది గానీ, ఈ ఆర్నెల్లలో నేను పెట్టిన ఖర్చుల్లో నయమైనది అదే.

లోపల హాయిగా ఉంది, ఒప్పుకుంటాను. అమ్మ నాలుగున్నరకి లేచి కాఫీ పెట్టుకుంది, మా తలుపు మూసే ఉంది, మాకు తెలియనే లేదు. నాన్న మంచానికి రెండు వైపులా నడిచే దారి. ఆ పొద్దున ఆయన మొహం చూసి పెద్దది కావాల్సిందే అని నాలో నేనే ఓడిపోయాను. నెలరోజులు మా ఆవిడతో వాదించింది వృథా.

కానీ రోడ్డు మీద వేరే కథ. అమరిల్లో వైపు గాలి ఎలా ఉంటుందో వెళ్లినవాళ్లకి తెలుసు. పెద్ద ట్రక్కు దాటిపోయిన ప్రతిసారీ బండి పక్క లేన్ వైపు జరిగేది. వెనక చక్రాల నుంచి తోక దాకా ఎంత పొడవు వేలాడుతుంటే అంత ఊగుడు. మలుపు తిప్పితే ఆ తోక ఎదురు వైపుకి తిరుగుతుంది. పెట్రోల్ బంకులో పంపు పక్కన పసుపు స్తంభానికి అరచెయ్యి దూరంలో ఆగాను, అదీ నాన్న “ఒరేయ్ ఆపు ఆపు” అని అరవబట్టి. సాయంత్రానికి మణికట్లు నొప్పి. పెట్రోల్ గ్యాలన్‌కి ఎనిమిది మైళ్లు. మా పాతది తొమ్మిదో పదో ఇస్తుంది, కాబట్టి అక్కడ పెద్ద తేడా ఏం లేదు.

చిన్న బండి వాళ్లు (మొన్నటిదాకా నేనూ) ఎప్పుడూ చెప్పే వాదన ఒకటుంది, చిన్నదైతే ఎక్కడికైనా వెళ్లొచ్చని. నిజంగా కొలతలు తీసి చూస్తే ఆ వాదన సగమే నిజం. గ్లేసియర్ పార్క్‌లో గోయింగ్ టు ది సన్ రోడ్ మీద కొండ భాగంలోకి 21 అడుగులు దాటిన బండిని రానివ్వరు. 24 అయినా 31 అయినా మనం బయటే. జయాన్‌లో 1930 నాటి సొరంగం ఉంది. 7 అడుగుల 10 అంగుళాల వెడల్పో, 11 అడుగుల 4 అంగుళాల ఎత్తో దాటిన బండి అందులో తన లేన్‌లో పట్టదు. క్లాస్ సీ బళ్లు పొడవుతో సంబంధం లేకుండా దాదాపు అన్నీ దానికన్నా వెడల్పే. బిగ్ బెండ్‌లోని చిసోస్ బేసిన్ రోడ్డుకి 24 అడుగులు దాటిన ఆర్‌వీలు వద్దని పార్కే చెబుతుంది. మా బండి పేరులో 24 ఉంది గానీ టేపు పెడితే 25కి దగ్గర. మోడల్ నంబర్ వేరు, అసలు పొడవు వేరు, ఇది కూడా గుర్తుపెట్టుకోండి. అంటే ఎలాగూ షటిల్ బస్సో అద్దె కారో తప్పదు.

పొడవు నిజంగా ఇబ్బంది పెట్టేది వేరే చోట. పెట్రోల్ బంకు, సూపర్ మార్కెట్ పార్కింగ్, పాత క్యాంప్‌గ్రౌండ్లలో చెట్ల మధ్య ఇరుకు సైట్లు. ఆ తర్వాత ఇల్లు. మా కాలనీ అసోసియేషన్ బండిని డ్రైవ్‌వేలో ఒక్క రాత్రి ఉంచినా నోటీసు పంపుతుంది. స్టోరేజ్ వాళ్లు అడుగుల లెక్కన అద్దె తీసుకుంటారు.

ఇక డబ్బు. కొత్త 32 అడుగుల బండికి 20 ఏళ్ల లోన్ ఇస్తామన్నారు. నెలకి కట్టేది చూస్తే కారు ఈఎంఐలాగే చిన్నగా కనిపిస్తుంది. బాస్, నేను వీసా మీద ఉన్నవాణ్ణి. గ్రీన్ కార్డ్ క్యూ ఎప్పటికి కదులుతుందో తెలియదు. ఉద్యోగం పోతే 60 రోజుల్లో ఇంకోటి వెతుక్కోవాలి, లేదంటే పెట్టె సర్దుకోవాలి. అలాంటివాడు చక్రాల మీద ఉన్న వస్తువుకి 20 ఏళ్ల అప్పు తీసుకుంటే అది వెకేషన్ కాదు, తలనొప్పి. ఈ ఒక్క విషయంలో మా ఇంట్లో గొడవే జరగలేదు.

క్లాస్ ఏ బస్సుల గురించి అడుగుతారని తెలుసు. చాసిస్ బలమైనదే, మోత ఎక్కువే. ధరా, నడపడమూ రెండూ మా వల్ల కాదు. వదిలేశాం.

చివరికి మేం తీసుకున్నది

27 అడుగులకి కాస్త పైన, సెకండ్ హ్యాండ్, ఒకే ఒక్క స్లయిడ్ అవుట్. స్టిక్కర్ మీద రెండు వేల పౌండ్ల పైనే ఉంది. ఆరు బెల్టులు, అందులో మా పిల్లలు కూర్చునే రెండూ ముందుకి చూసేవే. వెనక మంచానికి రెండు వైపులా దారి, అక్కడి నుంచి బాత్‌రూమ్‌కి నాలుగడుగులు. లోన్ నాలుగేళ్లు. పిల్లలకి బంకులు పోయాయి, రెండు రోజులు ముఖం మాడ్చుకున్నారు. మా ఆవిడకి తలుపున్న గది పోయింది, మేమిద్దరం క్యాబిన్ నెత్తిన. పిల్లలు డైనింగ్ పక్క మీద, అంటే స్టవ్ దగ్గరే. కానీ పిల్లలు కాబట్టి పక్కన మిక్సీ వేసినా లేవరు, అమ్మకి ఆ మొహమాటం లేదు. ఇది గొప్ప లేఅవుట్ అని నేను అనను. మీ ఇంట్లో నాలుగున్నరకి లేచేవాళ్లు లేకపోతే మీకు వేరే లేఅవుట్ నయం కావచ్చు.

బ్యాటరీ మాత్రం నేనే దగ్గరుండి మార్చా. 100 ఆంప్ అవర్స్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలు రెండు. ఒక్కోటి 1,280 వాట్ అవర్స్. మీకు అర్థమయ్యే భాషలో చెప్పాలంటే 5,000 ఎంఏహెచ్ ఫోన్ దాదాపు 19 వాట్ అవర్స్, కాబట్టి ఒక్క బ్యాటరీలో ఓ 67 ఫోన్లు. రెండూ కలిపి 2,560. మాకు చలి రాత్రికి 900 దాకా అవుతుంది, కాబట్టి ఎండ లేకపోయినా రెండు రాత్రులు నిశ్చింత. సీపాప్‌ని ఇన్వర్టర్ మీద కాకుండా నేరుగా 12 వోల్ట్ అడాప్టర్ మీద పెట్టా, వృథా తగ్గింది. హ్యుమిడిఫయర్ ఆపేస్తే ఇంకా తగ్గుతుంది గానీ నాన్నకి ముక్కు ఎండిపోతుంది, అది ఉండాల్సిందే.

రెండు జాగ్రత్తలు. ఈ బ్యాటరీలని సున్నా డిగ్రీల కింద ఛార్జ్ చేయకూడదు, మంచు ప్రదేశాలకి వెళ్లేవాళ్లు హీటింగ్ ఉన్నవి చూడండి. ఇంజిన్ ఆల్టర్నేటర్ నుంచి ఛార్జ్ చేయాలంటే మధ్యలో డీసీ టు డీసీ ఛార్జర్ ఉండాలి, లేకపోతే ఆల్టర్నేటర్ కాలిపోయే ప్రమాదం ఉంది. ఇంకా, ‘బ్యాటరీతో ఏసీ’ అనే ప్రకటనలు చూసి మోసపోవద్దు. పైకప్పు ఏసీ 1,500 వాట్స్ లాగితే నా 2,560 రెండు గంటలు రాదు. టెక్సాస్ జులైలో కరెంట్ కనెక్షన్ ఉన్న సైట్ తీసుకోవాల్సిందే. అక్కడ కూడా 30 ఆంప్ ప్లగ్ అంటే 3,600 వాట్స్, 50 ఆంప్ అంటే 12,000. పేరులో తేడా 20 లాగే ఉంటుంది, అసలు తేడా మూడింతలకు పైనే. స్టార్‌లింక్ మినీ కూడా పెట్టాం, 25 నుంచి 40 వాట్స్ మధ్య తింటుంది. పిల్లలు నిద్రపోగానే ఆపేస్తున్నా.

అమ్మానాన్న మేలో తెనాలి వెళ్లిపోయారు, కొత్త బండి వాళ్లు ఇంకా చూడలేదు. వీడియో కాల్‌లో మొత్తం తిప్పి చూపించా. మంచం, దాని పక్కనే సీపాప్ పెట్టే అర, బ్యాటరీ ఎంతుందో చూపించే బ్లూటూత్ మానిటర్. యాప్‌లో గ్రాఫ్ తెరిచి, చూడండి నాన్నా, తెల్లారేదాకా సున్నాకి రాదు అని చెప్తున్నా. ఆయన అంతా విన్నారు. విని, “అదంతా సరేరా, బాత్‌రూమ్‌లో బకెట్టూ మగ్గూ పెట్టుకోవడానికి చోటుందా?” అని అడిగారు.

టేపు తీసుకుని వెళ్లి కొలిచా. పది లీటర్ల బకెట్ పడుతుంది, తలుపు మూసుకుంటుంది కూడా.